కోమిజాలో గాలి ఆపిన రెండు రోజులు

క్రొయేషియాలో విస్ దీవి మీదున్న కోమిజాలో ఒక్క రాత్రే ఆగాలనుకున్నాం. మరునాడు పొద్దున్నే పక్కనున్న బిషెవో దీవిలో నీలి గుహ చూసుకుని, మధ్యాహ్నానికల్లా హ్వార్ దీవి వైపు వెళ్లిపోవాలని మా లెక్క. చివరికి అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. నీలి గుహ చూడనే లేదు. అయినా ఆ వారం రోజుల పడవ ప్రయాణంలో నా మనసు తిరిగి తిరిగి వెళ్లేది ఆ చిన్న ఊరికే.

అది 2023 సెప్టెంబరు. ఆ ఏడాది జనవరి 1నే క్రొయేషియా యూరోకు మారింది, సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోనూ చేరింది. మ్యూనిక్ నుంచి కారులో ఆస్ట్రియా, స్లొవేనియా దాటి వెళ్లిన మాకు సరిహద్దులో ఆగే పనీ, డబ్బు మార్చుకునే పనీ లేకపోయాయి. మేమిద్దరం, మా మరిది, తోడికోడలు, వాళ్ల పన్నెండేళ్ల బాబు. స్ప్లిట్ పక్కనున్న కాష్టెలా రేవులో శనివారం సాయంత్రం పడవ ఎక్కాం. పన్నెండు మీటర్ల తెరచాప పడవ, మూడు చిన్న గదులు. మాలో ఎవరికీ పడవ నడిపే లైసెన్సు లేదు కాబట్టి కెప్టెన్‌ను కూడా మాట్లాడుకున్నాం. అరవై దాటిన మనిషి, మితభాషి. అడిగినదానికి మాత్రం ఓపికగా, పూర్తిగా జవాబు చెప్పేవారు.

మొదటి రాత్రి షోల్టా దీవిలోని మాస్లినిత్సాలో గడిపాం. అక్కడి నుంచి కోమిజాకు సుమారు 22 నాటికల్ మైళ్లు, అంటే నలభై కిలోమీటర్లు. ఉదయమంతా సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. ఇంజనుతోనే సాగాం. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి గాలి మొదలైంది. వేసవి మధ్యాహ్నాల్లో వీచే ఈ గాలిని వాళ్లు మాయెస్త్రాల్ అంటారు. కెప్టెన్ తెరచాప ఎత్తి ఇంజను ఆపేశారు. ఆ క్షణం గురించి ఎంత చెప్పినా తక్కువే. అప్పటిదాకా చెవుల్లో మోగిన హోరు పోయి, పడవ ఒక పక్కకు ఒరిగి, నీళ్లను చీల్చుకుపోతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. బందరులో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం నాకు కొత్త కాదు. కానీ గాలి ఒక్కదానితో నడిచే పడవలో కూర్చోవడం అదే మొదలు. మా తోడికోడలికి మాత్రం కడుపులో తిప్పడం మొదలైంది. కిందికి దిగవద్దనీ, దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసేచోటు మీద చూపు నిలపమనీ కెప్టెన్ చెప్పారు. ఆమె అలాగే కూర్చుంది. అరగంటలో తేరుకుంది.

విస్ దీవి పడమటి కొస తిరిగేసరికి కోమిజా కనిపించింది. 587 మీటర్ల హూమ్ కొండ నిటారుగా దిగి వచ్చి సముద్రాన్ని తాకేచోట, అర్ధచంద్రాకారపు అఖాతం చుట్టూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రాతి ఇళ్లు. 1500 మందికి లోపే ఉండే ఊరు. గట్టు మీద చతురస్రాకారపు కోట, దాని నెత్తిన గడియారం. వెనిస్ పాలనలో, 1585లో కట్టినది. అక్కడ పడవను గట్టుకు పక్కవాటుగా కట్టరు, వెనుక భాగాన్ని గట్టు వైపు తిప్పి నిలుపుతారు. ఆ వెనుక భాగాన్ని మా వైపు అమరం అంటారు. కెప్టెన్ అమరాన్ని మెల్లగా గట్టుకు చేరుస్తుంటే, పైనున్న మనిషి మా మోకులు అందుకుని ఇనుప కడియాలకు వేశాడు. నీళ్లలో నానుతున్న మరో మోకును పైకి లాగి ముందు భాగానికి బిగించే పని మా మరిదిది. నాచు పట్టిన ఆ తాడుతో ఆయన చేతులు రెండు రోజులు నీచు వాసన వేశాయి.

ఆ రాత్రి రొట్టెల దుకాణంలో పొగాచా కొన్నాం. రెండు పొరల రొట్టె మధ్య ఉల్లిపాయ, టమాటా, ఉప్పులో ఊరిన చేపలు పెట్టి కాల్చినది. విస్ పట్నంలో టమాటా వేయరనీ, కోమిజాలో వేస్తారనీ, ఈ తేడా దగ్గర రెండు ఊళ్లవారూ పట్టు విడవరనీ కెప్టెన్ చెప్పారు. ఒక్క ముక్క కొరకగానే ఆ చేప ఏమిటో నాకు తెలిసిపోయింది. నెత్తళ్లు. మా తాతగారు బందరు పక్కనున్న గిలకలదిండిలో ఎండుచేపల వ్యాపారం చేసేవారు. ఆయన చొక్కా వాసన, చాపల మీద వెండిపొడిలా ఆరబోసిన నెత్తళ్లు, వాటి మీద వాలే కాకులను తోలుతూ కూర్చున్న నా ఏడేళ్ల వయసు, అన్నీ ఆ ఉప్పదనంలోంచి లేచి వచ్చాయి. మావాళ్లు ఇంకో రొట్టె తెద్దామా అంటున్నారు. నాకు కాసేపు మాట రాలేదు.

తెల్లవారేసరికి గాలి మారింది. ఆకాశం బూడిదరంగుకు తిరిగింది, గాలి తడిగా, వెచ్చగా ఉంది. రేడియోలో వాతావరణ సూచన విన్న కెప్టెన్ ఒకే మాట అన్నారు: "యూగో." ఆగ్నేయం నుంచి వచ్చే గాలి అది. బూరా అని ఇంకొకటి ఉంది. అది ప్రధాన భూభాగపు కొండల మీదినుంచి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది, ఆకాశాన్ని తుడిచిపెడుతుంది. యూగో అలా కాదు, మెల్లమెల్లగా బలం పుంజుకుంటుంది, పెద్ద అలలను లేపుతుంది, రెండు మూడు రోజులు వదలదు. కోమిజాకు హూమ్ కొండ అడ్డుంది కాబట్టి ఊళ్లో అంత తెలియదు. కానీ బయట సముద్రం ఎత్తి కుదేస్తుంది.

నీలి గుహ సంగతి అడిగాం. గుహలోకి దారి చాలా చిన్నది. అదికూడా 1884లో రాతిని పేల్చి చేసినది. చిన్న పడవలో తలలు వంచుకుని వెళ్లాలి. నీటి అడుగున ఉన్న మరో రంధ్రం గుండా సూర్యకాంతి వచ్చి, తెల్లని సముద్రగర్భం మీద పడి, గుహ అంతా నీలంగా వెలుగుతుంది. ఎండ లేకపోతే ఆ నీలం లేదు, అలలుంటే ఆ దారి లేదు. ఆ రోజు రెండూ కుదరవు. మా బాబు ముఖం చిన్నబోయింది. "పొమాలో" అన్నారు కెప్టెన్ వాడి భుజం తట్టి. నిదానంగా, తొందర లేకుండా అని అర్థం. ఈ డల్మేషియా తీరంలో ఏ సందర్భానికైనా పనికొచ్చే మాట అది.

అలా మాకు దొరికిన ఖాళీలో కోటలోకి వెళ్లాం. ఇప్పుడది చేపలవేట మ్యూజియం. వలలు, ఉప్పు పీపాలు, దీపాల మధ్య ఫల్కుషా నమూనా ముందు నేను నిలబడిపోయాను.

ఫల్కుషా కోమిజా పడవ. దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు. తెరచాప కొయ్య కూడా అంతే ఎత్తు. అయిదుగురు మనుషులు. దాని పేరు పక్క పలకల నుంచి వచ్చింది. ఫల్కె అనే ఆ పలకలను పడవ అంచుల మీద బిగించి ఎత్తు పెంచుకోవచ్చు, ఊడదీసి తగ్గించుకోవచ్చు. ఎందుకో తెలిశాక ఆ పడవను చేసినవాళ్ల బుద్ధికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది. కోమిజా జాలర్లు సార్డీన్ల కోసం పలాగ్రుజా దాకా వెళ్లేవారు. సార్డీన్లు మన కవళ్ల జాతివే. పలాగ్రుజా ఏడ్రియాటిక్ సముద్రం నడిమధ్య ఉన్న రాతి దీవి. ఇక్కడికి 42 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 78 కిలోమీటర్లు. నడిసముద్రంలో అలలు లోపలికి పడకుండా పలకలు ఉండాలి. దీవి చేరాక వల లాగాలంటే అవే పలకలు అడ్డం. అందుకని పెట్టుకునేవీ తీసేసేవీగా చేసుకున్నారు. దూరప్రయాణపు నావా, తీరాన వేటాడే పడవా రెండూ అదే.

పలాగ్రుజాలో పడవలు ఒడ్డుకు లాగే చోటు చాలా ఇరుకు. ముందు చేరినవారికే స్థలం. అందుకే వెన్నెల లేని రాత్రుల వేటకు బయలుదేరే రోజున పడవలన్నీ ఒక్కసారిగా పందెంలా కదిలేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే అయిదుగురి చేతుల్లో తెడ్లు. గాలి పడిపోయిన రోజుల్లో 78 కిలోమీటర్లూ తెడ్లతోనే. ఈ పందెం గురించిన ప్రస్తావన 1593 నుంచే ఉంది. బహుమతి కోసం కాదు, బతుకుతెరువులో జానెడు చోటు కోసం పందెం. చీకట్లో చెక్కలు మండించి ఆ వెలుగుకు చేపలను రప్పించేవారు. పట్టిన చేపలను ఆ దీవిలోనే ఉప్పు వేసి పీపాల్లో నింపేవారు. ఈ ఉప్పు పీపాల దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. ఎండలో ఆరబెట్టినా, పీపాలో ఊరబెట్టినా ఆ పనిలోని చేతుల నొప్పి ఒక్కటే. ఉప్పు పట్టి పగిలిన మా నానమ్మ వేళ్ల సందులు నాకు గుర్తే.

చివరి పాత ఫల్కుషా 1986లో సముద్రంపాలైంది. ఊరు దాన్ని అంతటితో వదిలెయ్యలేదు. పాత కొలతలతో మళ్లీ కొత్త ఫల్కుషాను కట్టి, 1998లో లిస్బన్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తీసుకువెళ్లారు.

మధ్యాహ్నం చిన్న జల్లు పడి వెలిసింది. ఊరి పైన ద్రాక్షతోటల మధ్య ఉన్న సెయింట్ నికొలస్ చర్చి దాకా నడిచాం. పూర్వం బెనెడిక్టిన్ సన్యాసుల మఠం అది, గోడలు కోటగోడల్లా ఉంటాయి. నికొలస్ నావికులను కాచే పునీతుడని వాళ్ల నమ్మకం. ఏటా డిసెంబరు 6న, ఆయన పండుగనాడు, ఈ చర్చి ముందు ఒక పాత చెక్క పడవను కాలుస్తారు. పనికిరాని చెత్తగా కాదు, పూజగా కాలుస్తారు. ఆ బూడిదను కొత్తగా కట్టే పడవలో కలుపుతారు. చచ్చిన పడవ పుట్టబోయే పడవలోకి వెళ్తుంది.

చర్చి ముందు నేల మీద మంట పెట్టిన మసి ఏమైనా ఉందేమోనని నేను వెతికాను. ఏమీ కనిపించలేదు. తొమ్మిది నెలల వానలు కడిగేసి ఉంటాయి. అక్కడి రాతి అరుగు మీద కూర్చునే బందరుకు ఫోన్ చేశాను. నాన్నగారు ఎత్తారు.

"నాన్నగారూ, మన కుట్టు పడవలు మీరు చూశారా?"

"చూడకపోవడం ఏమిటమ్మా, ఎక్కాను కూడా. ఎందుకు?"

కొబ్బరి తాడుతో పలకలను కుట్టిన పడవలు అవి. మేకులు లేవు, లోపల పక్కటెముకల్లాంటి చట్రం లేదు. అల కొట్టినప్పుడు విరక్కుండా వంగుతాయి. మా తీరంలో లోతు తక్కువ, ఓడలు దూరాన లంగరు వేసుకునేవి. సరుకులనూ మనుషులనూ ఆ కెరటాల గుండా ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. యూరపువాళ్లు వీటిని మసూలా పడవలని తమ పుస్తకాల్లో రాసుకున్నారు. పలకల సందుల్లో ఎండుగడ్డి కుక్కినా నీళ్లు ఊరుతూనే ఉండేవనీ, ఒక మనిషి తోడుతూనే ఉండేవాడనీ నాన్నగారు చెప్పారు. కుట్టేవాళ్లు ఇప్పుడున్నారా అని అడిగాను. "ఎక్కడమ్మా, ఫైబర్ పడవలు వచ్చాక ఎవరు కుట్టించుకుంటారు?" అన్నారు. తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. బందరులో ఒక్క కుట్టు పడవనైనా ఒక చూరు కింద పెట్టి ఉంచితే, పిల్లలు వచ్చి దాని కుట్ల మీద వేలు పెట్టి చూసే వీలుండేది. మనకు చేతకాక కాదు, ఎవరూ దాన్ని ముఖ్యమనుకోలేదు. ఇది నాకు చాలా బాధగా ఉంది.

కోమిజాలో ఇంకా చూసినవి ఉన్నాయి. క్రొయేషియా అప్పట్లో యుగోస్లావియాలో భాగం; ఆ దేశపు సైన్యం స్థావరం కావడంతో విస్ దీవికి 1989 దాకా విదేశీయులను రానివ్వలేదు. ఇప్పుడు అంత ప్రశాంతంగా ఉండడానికి అదీ ఒక కారణం. రెండో ప్రపంచయుద్ధంలో యుగోస్లావ్ పోరాటానికి నాయకుడైన టిటో 1944లో ఉన్న గుహ హూమ్ కొండ మీదే ఉంది. మేము వెళ్లలేదు. ఒడ్డున గుసారిత్సా మాత చర్చి ఉంది. దొంగలు ఎత్తుకుపోయిన మాత చిత్రం, వాళ్ల ఓడ మునిగాక నీళ్ల మీద తేలుతూ తిరిగి వచ్చిందని కథ. ఒకప్పటి సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. వేటగాళ్లలో ఎందరో కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోకు వలసపోయారు. 1917లో అక్కడ చేపల డబ్బాల కంపెనీ మొదలుపెట్టి, తర్వాత స్టార్‌కిస్ట్‌గా పేరుపొందిన సంస్థకు మూలమైన మార్టిన్ బొగ్దనోవిచ్ ఈ ఊరివాడే.

రెండో రాత్రి పడవ ఊగుతూనే ఉంది. కొండ గాలిని ఆపినా, అఖాతంలోకి తిరిగి వచ్చే అలను ఆపలేదు. మోకులు బిగుసుకున్నప్పుడల్లా కిర్రుమనేవి. కెప్టెన్ రెండుసార్లు లేచి వాటిని చూసుకోవడం నాకు వినిపించింది.

తెల్లవారి ఎనిమిదింటికి గాలి తగ్గింది. ఇంకో రోజు ఆగితే నీలి గుహ దొరకవచ్చేమో, కానీ శుక్రవారానికి కాష్టెలా చేరాలి. మోకులు విప్పుతుండగా ఫోన్ మోగింది. నాన్నగారు తెల్లకాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసి, దాన్ని ఫొటో తీసి పంపారు. అరటిదొప్పలా లేచిన పడవ, పలకలు, పలకల మధ్య ఇంటూ గుర్తుల్లా కుట్లు. మధ్యలో ఒక బాణం గీసి పక్కనే రాశారు: "నీళ్లు తోడేవాడు ఇక్కడ."

రేవు దాటాక కెప్టెన్‌కు చూపించాను. చుక్కాని మా మరిది చేతికిచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఫోను తన చేతిలోకి తీసుకున్నారు. కుట్ల దగ్గర వేళ్లతో బొమ్మను పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. తాడు దేనితో చేస్తారని అడిగారు, చెప్పాను. మేకు ఒక్కటి కూడా లేదా అని అడిగారు, లేదన్నాను.

"తెడ్లు ఎన్ని?" అన్నారు.

అది నాకు తెలియదు. నాన్నగారికి మళ్లీ ఫోన్ కలిపాను.