ఫాతిహాలో జ లేదు

నమాజులో ప్రతి రకాతులోనూ చదివే, ఖురాన్ మొదటి అధ్యాయమైన సూరా ఫాతిహాలో, అరబ్బీ అక్షరాలు 28 ఉంటే, 21 మాత్రమే కనబడతాయి. సా, జీమ్, ఖా, జా, షీన్, జోయ్, ఫా, ఈ 7 అందులో ఎక్కడా రావు. తజ్వీద్ (ఖురాన్‌ని సరైన ఉచ్చారణతో చదివే పద్ధతి) మొదలుపెట్టే తెలుగువాళ్లకి ఇంతకన్నా సులువైన పరీక్ష దొరకదు. మీ ఫాతిహాని ఫోనులో రికార్డు చేసి వినండి. మామూలు తెలుగు జ వినిపించిందా, అది తప్పే. గొంతు గీరుకునే ఖ వినిపించిందా, అదీ తప్పే.

జ దొర్లేది రెండు అక్షరాల దగ్గర. ఒకటి "అల్లజీన"లో ఉన్న జాల్. తెలుగు జ పలికేటప్పుడు నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది. జాల్‌కి ఆ పని లేదు. నాలుక కొన పై ముందుపళ్ల అంచుకి ఆని, అద్దంలో చూస్తే కొద్దిగా బయటికి కనబడాలి. గొంతు మోగుతూ గాలి సన్నగా సాగాలి. నాలుకని పళ్లమధ్య గట్టిగా బిగిస్తే గాలి ఆగిపోయి ద అవుతుంది.

రెండోది "మగ్‌జూబి", "జాల్లీన్"లలో ఉన్న జ్వాద్. దీని స్థానం నాలుక పక్క అంచు: అది పై దవడపళ్లకి ఆనుకోవాలి. ఎడమవైపు ఆనిస్తే చాలామందికి తొందరగా పట్టుబడుతుంది. దీన్ని దాల్‌లా చదవాలా, జోయ్‌లా చదవాలా అని మన మసీదుల్లో వాదనలు జరుగుతుంటాయి. అది దాలూ కాదు, జోయ్ కూడా కాదు. ఆ వాదనకి పెట్టే సమయం ఖురాన్ నేర్పే ఒక మంచి హజ్రత్ ముందు కూర్చోవడానికి పెడితే గొడవ తీరుతుంది.

ఇక ఖ సంగతి. చిత్తూరు, పుంగనూరు, పలమనేరు ఇళ్లలో మాట్లాడే దక్కనీ ఉర్దూలో రెండు చుక్కల ఖాఫ్ ఎప్పుడో గొంతు గీరే ఖా అయిపోయింది. ఖీమా, ఖాజీ, ఖుర్బానీ, వీటన్నిటిలో నిజానికి ఉన్నది ఖాఫే. ఆ అలవాటే "ముస్తఖీమ్"లోకి వస్తుంది. ఖాఫ్‌కి నాలుక మొదలు వెనక్కి వెళ్లి కొండనాలుక దగ్గరి మెత్తటి అంగిలికి పూర్తిగా తగిలి విడిపోవాలి. పరీక్ష ఏమిటంటే, ముందు ఒక హంజా (అ శబ్దం) పెట్టి, అక్షరాన్ని పొల్లు చేసి పలకండి. ఆ శబ్దాన్ని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయగలిగితే అది ఖా. టక్కున ఆగిపోతే ఖాఫో కాఫో. పెదాల ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని మళ్లీ పలకండి: కాఫ్‌కి కాగితం కదులుతుంది, ఖాఫ్‌కి కదలకూడదు. ఏ అక్షరం స్థానం పట్టుకోవాలన్నా ఈ హంజా, పొల్లు పద్ధతే పనికొస్తుంది.

"అల్‌హమ్‌దు"లో ఉన్న పెద్ద హా గొంతు మధ్యలోంచి వస్తుంది. అక్కడే గొంతు మోగిస్తే ఐన్. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో హాని గీరి గీరి "అల్‌ఖమ్‌దు" చేసేవాళ్లు ఉన్నారు. ఐన్ కోసం గొంతు నులుముకునేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ అంత బలం అక్కర్లేదు.

"సిరాత"లో స్వాద్, రా, తోయ్ మూడూ బరువైనవే. బరువంటే నాలుక వెనకభాగం పైకి లేవడం. పెదాలకి దానితో సంబంధం లేదు. స్వాద్, తోయ్ అని పేర్లు పలికి పలికి పెదాలు గుండ్రంగా చుట్టడం అలవాటై, "స్వురాత" లాంటిదేదో వస్తుంది. అద్దం ముందు పెదాలు కదలకుండా చూసుకుంటూ పలికితే పోతుంది. అసలు పెదాలు గుండ్రం కావాల్సింది వావ్‌కి. మనం వ పలికినట్టు కింది పెదవి పళ్లకి తగలకూడదు.

తెలుగు లిపిలో రాసిన సూరాలు చదివేవాళ్లకి అసలు చిక్కు సున్నతో. మన సున్న పక్క అక్షరాన్ని బట్టి మారిపోతుంది: అంతలో న, అంబలో మ, సింహంలోనూ మ. "అన్‌అమ్‌త"ని "అన్‌అంత" అని అచ్చు వేస్తే మీమ్ పోయి నూన్ వస్తుంది. "మిన్‌హా"ని "మింహా" అని రాస్తే నూన్ పోయి మీమ్ వస్తుంది. హా ముందు, ఐన్ ముందు నూన్ స్పష్టంగా పలకాలి. గొంతు అక్షరాలు ఆరింటికీ ఇదే ఇజ్‌హార్. బా ముందు మాత్రం మన సున్న మేలు చేస్తుంది. నూన్ అక్కడ మీమ్ కావడమే ఇఖ్లాబ్ నియమం. ముక్కుతో 2 హరకత్‌లు (మాత్రలు) ఆపితే చాలు. "అన్‌తుమ్"లో ఇఖ్ఫా ఉంది, మన "అంత" అక్కడ పనికిరాదు. నాలుక పళ్లకి తగలకుండా ముక్కుశబ్దం సాగి, ఆ తర్వాతే తా పలకాలి. పైగా జ ఒక్కటే అయిదు అరబ్బీ అక్షరాలని, స మూడింటిని మోస్తున్నాయి. "అలీమ్" ఐన్‌తో అయితే అన్నీ తెలిసినవాడు, హంజాతో అయితే బాధాకరమైనది. తెలుగులో రెండూ ఒకటే. కాబట్టి తెలుగు లిపి పుస్తకం గుర్తు తెచ్చుకోవడానికి మాత్రమే. అరబ్బీ అక్షరాలు నేర్పే ఖాయిదా పట్టుకోక తప్పదు.

దీర్ఘాల్లో మనకి అదృష్టం ఉంది. ఒక హరకత్ అంటే దాదాపు మన మాత్ర. మామూలు మద్ (సాగదీత) 2 హరకత్‌లు, అంటే మన దీర్ఘమే. "జాఅ"లో లాగా అదే మాటలో హంజా వస్తే 4 లేదా 5. "జాల్లీన్"లో 6. ఆయత్ (ఖురాన్ వాక్యం) చివర ఆగేటప్పుడు 2, 4, 6లలో ఏదైనా సరే, మొదలుపెట్టిన లెక్కే చివరిదాకా ఉంచాలి. రాగం కోసం "అల్‌హమ్‌దూ" అని లేని దీర్ఘం తేవడం ఎక్కువగా వినిపించే పొరపాటు. ద్విత్వం మనకి పుట్టుకతోనే వచ్చు. అయినా వేగంలో "ఇయ్యాక"ని "ఇయాక" చేసేస్తాం. బిస్మిల్లాతో కలిపి ఫాతిహాలో 14 షద్దాలు (ద్విత్వం గుర్తులు) ఉన్నాయి, వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ చదవండి.

ఫాతిహా కుదిరాక సూరా ఇఖ్లాస్‌కి వెళ్లండి. నాలుగు ఆయత్‌లూ దాల్‌తో ముగుస్తాయి. బస్‌ని బస్సు చేసే నోరు "అహద్"ని "అహదు" చేస్తుంది. పెదాలు ముందుకొచ్చాయంటే ఉకారం దూరినట్టే. దానికి భయపడి బిగబట్టినా "అహత్" అవుతుంది. కావలసింది ఖల్ఖలా: నాలుక తగిలి, పెదాలు కదలకుండా, చిన్న అదురుతో విడిపోవాలి. ఖాఫ్, తోయ్, బా, జీమ్, దాల్, ఈ అయిదింటికే అది. లామ్‌నీ మీమ్‌నీ అదిరిస్తే తప్పు.

వినడానికి ఈజిప్టు ఖారీ (ఖురాన్ పఠించేవారు) మహ్మూద్ ఖలీల్ అల్‌హుస్రీ నిదానమైన తిలావత్ (పారాయణం) బాగా పనికొస్తుంది. ఒక ఆయత్ విని, ఆపి, మీ గొంతు రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వినండి. మదీనా అచ్చు ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) దొరికితే ఇంకో సౌకర్యం: ఇజ్‌హార్ ఉన్నచోట నూన్‌పై సుకూన్ (పొల్లు) గుర్తు ఉంటుంది, ఇఖ్ఫా, ఇద్గామ్ (నూన్ తర్వాతి అక్షరంలో కలిసిపోవడం) ఉన్నచోట నూన్ ఖాళీగా ఉంటుంది. మన దేశపు అచ్చుల్లో అన్నిచోట్లా జజ్మ్, అంటే అదే పొల్లు గుర్తు, వేస్తారు కాబట్టి నియమం మీరే గుర్తుపెట్టుకోవాలి. వారానికి ఒక్కసారైనా హజ్రత్‌కో, ఇంటి దగ్గర నేర్పే ఆపాకో వినిపించండి. జ్వాద్ తప్పు ఎవరి చెవికి వాళ్లకి తెలియదు.