వంశంలో ఉన్నది, ఒంట్లో కనిపించేది

తార్నాకలో మా అమ్మ పెంచిన కాగితం పూల చెట్టు నుంచి మూడేళ్ళ క్రితం రెండు కొమ్మలు తెచ్చి, ఒకదాన్ని హబ్సిగూడలో మా మేడ మీద ఎండలోనూ, రెండోదాన్ని ఉత్తరం వైపు బాల్కనీలోనూ నాటాను. మేడ మీది మొక్క మాఘం వచ్చేసరికి ఆకు కనిపించనంతగా పూస్తుంది. బాల్కనీలోది ఎండ తక్కువై, నేను పోసే నీళ్ళు ఎక్కువై, సన్నగా సాగి ఆకులు మాత్రమే వేస్తుంది. చూసినవాళ్ళు రకాలు వేరనుకుంటారు. కానీ ఒకే చెట్టు కొమ్మలు కనుక వాటి జన్యువుల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ యోహాన్సెన్ బీన్స్ గింజలతో చూసిందీ ఇదే. ఒకే స్వచ్ఛ వంశపు (ఒకే మొక్క నుంచి వచ్చి, జన్యువులు ఒకేలా ఉన్న సంతతి) గింజల్లో పెద్దవాటిని, చిన్నవాటిని విడివిడిగా విత్తితే, రెండు పంటల్లోనూ గింజ సగటు బరువు ఇంచుమించు ఒకటిగానే వచ్చింది. అంటే ఆ పెద్దా చిన్నా తేడా పరిసరాలు తెచ్చిందే కాని, తరువాతి తరానికి అందేది కాదు. జన్యురూపం (లోపలి జన్యువుల కూర్పు), దృశ్యరూపం (పైకి కనిపించే రూపం) అని మనం పాఠాల్లో చదువుకున్న భావాలకు 1909లో పేర్లు పెట్టింది ఆయనే.

అయితే జన్యువుల వాటా ఎంత, పరిసరాల వాటా ఎంత అని ఒక మనిషి విషయంలో అడగడం, తోడుకున్న పెరుగులో పాల వంతెంత, తోడు వంతెంత, ఆ రాత్రి వెచ్చదనం వంతెంత అని అడగడం లాంటిదని నా అభిప్రాయం. మంచి తిండి దొరికే సమాజాల్లో ఎత్తుకు అనువంశికత దాదాపు 80 శాతమని అంటారు. దాని అర్థం, 170 సెంటీమీటర్ల మనిషికి 136 జన్యువుల నుంచి, మిగిలినవి అన్నం నుంచి వచ్చాయని కాదు. ఆ సమాజంలో మనిషికీ మనిషికీ ఉన్న ఎత్తు తేడాల్లో అంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని మాత్రమే. అందరికీ తిండి సమానంగా అందితే ఈ శాతం పెరుగుతుంది, జన్యువులు మాత్రం మారవు.

ఫినైల్ కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బును చూడండి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందిన బిడ్డ ఒంట్లో, తిండిలోని మాంసకృత్తుల నుంచి వచ్చే ఫినైల్ అలనిన్ అనే పదార్థం పేరుకుపోయి మెదడు దెబ్బతింటుంది. అది పూర్తిగా జన్యు వ్యాధే. అయినా పుట్టిన తొలి వారాల నుంచే ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం ఇస్తూ వస్తే బిడ్డ బుద్ధి దాదాపు మామూలుగానే ఎదుగుతుంది. జన్యువు అదే, దాని ఫలితం మాత్రం అది కాదు.

ఇదంతా రాయడానికి కారణం మా అక్క. షుగర్ సరిహద్దులో ఉందని తెలిసిన రోజున, "నాన్నకుంది, పెదనాన్నకుంది, నాకు రాకుండా పోతుందా" అని నడక కూడా మానేసింది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అలా సరిహద్దులో ఉన్నవారితో చెన్నైలో జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి: మూడేళ్ళలో మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో నూటికి 55 మందికి మధుమేహం రాగా, తిండీ నడకా మార్చుకున్న వారిలో 39 మందికే వచ్చింది. ఆ 39 మంది సంగతి కూడా దాచకుండా అక్కకు చెప్పాను. ఇప్పుడు పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద ఇద్దరం కలిసి నడుస్తున్నాం.