స్టెరాయిడ్ పడితే లింఫోసైట్ ఎందుకు చచ్చిపోతుంది?

ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలోని చిన్న లింఫోసైట్స్‌కి (ఇవి ఒక రకం తెల్లకణాలు) స్టెరాయిడ్ ఇస్తే కొన్ని గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది, కానీ వాటిని చంపేది ఆ మందు కాదు, అవే. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ప్రూఫ్ చాలా సింపుల్. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో పాటు సైక్లోహెక్సిమైడ్ కూడా వేసి కొత్త ప్రోటీన్లు తయారవకుండా ఆపేస్తే ఆ సెల్స్ చాలావరకు బతికిపోతాయి. విషమైతే అలా ఆగదు కదా, అంటే స్టెరాయిడ్ వచ్చాక సెల్ తన చావుకి కావాల్సింది తనే తయారు చేసుకుంటోందన్నమాట.

స్టెరాయిడ్ కొవ్వులో కరిగేది కాబట్టి సెల్ పొరని దాటుకుని నేరుగా లోపలికెళ్ళిపోతుంది, అక్కడ తనని అందుకునే ప్రోటీన్‌ని, అంటే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, ఇద్దరూ కలిసి న్యూక్లియస్‌లోకి వెళ్ళి డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జీన్స్ ఆన్ చేస్తారు, కొన్ని ఆపేస్తారు, అలా పెరిగేవాటిలో ముఖ్యమైనది బిమ్ అనే ప్రోటీన్. ఈ బిమ్ వెళ్ళి సెల్‌ని కాపాడే బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ని కట్టిపడేస్తుంది, ఇక చిల్లులు పొడిచే బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లకి అడ్డు ఉండదు, మైటోకాండ్రియాకి చిల్లులు పడతాయి, దాంట్లోని సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొస్తుంది, సెల్‌ని లోపల్నుంచి కోసేసే కాస్పేజ్‌లనే ఎంజైమ్‌లు లేస్తాయి. అక్కడి నుంచి ఇక వెనక్కి రావడం దాదాపు ఉండదు.

1980లో ఆండ్రూ వైలీ ఇలా చనిపోయిన ఎలుక థైమస్ సెల్స్ డీఎన్ఏని, ముక్కల్ని సైజుని బట్టి విడదీసే జెల్ మీద నడిపి చూస్తే అది ఎలా పడితే అలా చిరగలేదు, నిచ్చెన మెట్లలా వరసగా గీతలు వచ్చాయి, ఒక్కో మెట్టుకి సుమారు 180-200 బేస్ పెయిర్స్ (డీఎన్ఏ పొడవుకి కొలత) తేడా. డీఎన్ఏ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉండే ఉండల్ని న్యూక్లియోజోమ్‌లంటారు, వాటి మధ్య ఖాళీల్లోనే కత్తిరింపు పడింది మరి!

అదే రిసెప్టర్ లివర్‌లోనూ ఉంది, అక్కడ మాత్రం గ్లూకోజ్ తయారీ పెంచుతుంది. న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలైతే ఇంకా ఎక్కువ కాలం బతుకుతాయి, స్టెరాయిడ్ వాడేవాళ్ళ బ్లడ్ రిపోర్ట్‌లో తెల్లకణాలు పెరిగి కనిపించడానికి ఇదీ ఒక కారణం. ఏ సెల్‌లో ఏ జీన్స్ తెరిచి ఉన్నాయి, బీసీఎల్-2 ఎంత ఉంది అన్నదాన్ని బట్టే అంతా.

పిల్లల్లో వచ్చే ఏఎల్ఎల్ లుకేమియాకి (లింఫోసైట్ల బ్లడ్ క్యాన్సర్) ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ అంత ముఖ్యమైంది ఇందుకే. కొన్ని ప్రోటోకాల్స్‌లో 8వ రోజు రక్తంలో బ్లాస్ట్స్ (క్యాన్సర్ కణాలు) మైక్రోలీటర్‌కి 1000 కంటే తగ్గాయా లేదా అని చూస్తారు, తగ్గకపోతే ట్రీట్‌మెంట్ గట్టిగా చెయ్యాల్సి వస్తుంది. మొండికేసిన సెల్స్‌లో కొన్నిసార్లు రిసెప్టర్ జీనే దెబ్బతిని ఉంటుంది, కొన్నిసార్లు రిసెప్టర్ బాగానే ఉన్నా బిమ్ పెరగదు. ఈ రెండో రకంలోనే వెనెటోక్లాక్స్ మీద నాకు ఆశ, ఎందుకంటే బిమ్ చెయ్యాల్సిన పనిలో కొంత, అంటే బీసీఎల్-2ని కట్టెయ్యడం, ఆ మందు బయట నుంచి వచ్చి నేరుగా చేస్తుంది.