సెల్సియస్‌తో లెక్కేస్తే 92 శాతం వచ్చింది

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని వచ్చి, "మామా, మన ఆర్‌టీపీపీ ఎఫిషియన్సీ ఎంతుంటుంది?" అని అడిగాడు. ఆర్‌టీపీపీ అంటే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు, బొగ్గు కాల్చి కరెంటు తీసే చోటు. ఎఫిషియన్సీ అంటే ఆ వేడిలో ఎంత శాతం కరెంటుగా మారుతుందన్నది. ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాడు. మాది ముద్దనూరు దగ్గరే, చిన్నప్పటి నుంచీ ఆ టవర్లు చూస్తూ పెరిగిన పిల్లోడు. టర్బైన్‌లోకి పోయే ఆవిరి 540 డిగ్రీలు, ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ నీళ్లు చేసే కండెన్సర్ 45 డిగ్రీలు అనుకో, నువ్వే లెక్కెయ్యిరా అన్నాను. 45ను 540తో భాగించి, వచ్చింది ఒకటిలోంచి తీసేసి, 92 శాతం అని రాసేశాడు.

అక్కడే చాలామంది పిల్లలు పడిపోతారు. సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు, అంతే. అసలైన సున్నా ఇంకా 273 డిగ్రీలు కిందుంది. బావి లోతు అడుగు నుంచి కొలవకుండా మధ్యలో మెట్టు నుంచి కొలిస్తే ఎట్లా? రెండింటికీ 273 కలిపితే 318, 813. ఇప్పుడు భాగించి ఒకటిలోంచి తీసేస్తే వచ్చేది 60.9 శాతం. 1824లో సాది కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు చూపించిన హద్దు ఇది. రాపిడి లేకున్నా, ఎంత గొప్ప యంత్రమైనా, ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య దీన్ని దాటలేదు.

నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవాళ్లు శాతం కంటే హీట్ రేట్ గురించే, అంటే ఒక యూనిట్ కరెంటుకు ఎంత వేడి ఖర్చయిందన్నదాని గురించే, ఎక్కువ మాట్లాడతారు. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలోకేలరీలు. దానికోసం 2450 కిలోకేలరీల బొగ్గు కాల్చారనుకోండి, 860ని 2450తో భాగిస్తే 35 శాతం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కండెన్సర్ నీళ్లలోకే పోతుంది. లావు టవర్ల మీద తెల్లగా లేచేది పొగ కాదు, ఆ వేడిని మోసుకుపోయే నీటి ఆవిరి.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది, వాడితో కూడా లెక్క వేయించాను. ఆవిరిని ఇంకో 5 డిగ్రీలు వేడి చేస్తే కార్నో హద్దు 60.9 నుంచి 61.1కి పెరుగుతుంది. అదే కండెన్సర్‌ను 5 డిగ్రీలు చల్లబరిస్తే 61.5! పొయ్యి పెంచడం కంటే చల్లార్చడమే ఎక్కువ లాభమని చూసి వాడు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

మరి మే నెలలో 43 డిగ్రీల ఎండలో ఎట్లా చల్లారుస్తారు మామా అన్నాడు. ఇంట్లో కడవ చూపించాను. మన గాలి పొడిగాలి కాబట్టి కడవలో నీళ్లు గాలి కంటే చల్లగా ఉంటాయి, కూలింగ్ టవర్‌లో జరిగేదీ అదే, కొన్ని నీళ్లు ఆవిరై పోతూ మిగతావాటిని చల్లబరుస్తాయి. ఆ ఆవిరైపోయినన్ని నీళ్లు మళ్లీ పొయ్యాల్సిందే, అవి మైలవరం రిజర్వాయరు నుంచి రావాలి. కరువు సీమలో ఒక్కో డిగ్రీ చల్లదనానికీ నీళ్లే ఖర్చు.