మూడు వేర్లతో మిగిలిన ఆర్కిడ్

నా ఆర్కిడ్‌కు జబ్బు చేసిందని నేను గ్రహించేసరికే దాని వేర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా కుళ్లిపోయి ఉన్నాయి. అంతకుముందు నెల రోజులుగా దాని ఒంట్లో బాగాలేదన్న సంగతి నా కళ్లకు కనబడుతూనే ఉంది, కానీ కనబడినదానికి నేను చెప్పుకొన్న అర్థం తప్పు. మా అక్క కానుకగా ఇచ్చిన, ఫలెనాప్సిస్ అనే రకానికి చెందిన ఆ తెల్లపూల ఆర్కిడ్ రెండు నెలలకు పైగా నిండుగా పూసి, ఆ తరువాత పూలన్నీ ఒక్కొక్కటిగా రాల్చింది. అది సహజమే అనుకున్నాను. మరికొన్నాళ్లకు అడుగున ఉన్న రెండు ఆకులు బిగువు కోల్పోయి, వాటి మీద నిలువునా సన్నని ముడతలు పడ్డాయి. పట్టుకుంటే మందంగా, గట్టిగా ఉండవలసిన ఆకు తడిసిన తోలు ముక్కలా చేతిలో వాలిపోయింది.

ఆకు వాడిపోతే ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. నీళ్లు పోశాను. వారానికి ఒకసారి పోసేవాడిని కాస్తా రోజు విడిచి రోజు పోయడం మొదలుపెట్టాను, అప్పటికీ ఆకు తేరుకోకపోయేసరికి దాహం ఇంకా తీరలేదేమోనని ప్రతి ఉదయమూ పోశాను. వేర్లు ఎండిపోయినా, కుళ్లిపోయినా ఆకుకు అందే నీరు తగ్గిపోతుంది కాబట్టి, ఈ రెండు జబ్బులకూ ఆకు మీద కనిపించే లక్షణం ఒకటేనని నాకు అప్పుడు తెలియదు. ఆకును మాత్రమే చూసి వైద్యం చేస్తే సగం సార్లు రోగానికే పోషణ చేసినట్లవుతుంది. నేను చేసింది అక్షరాలా అదే, దానికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

అనుమానం పుట్టించింది వాసన. ఒక ఉదయం కుండీ దగ్గరికి వంగినప్పుడు, నిలవనీటిలో నానిన కట్టెల వాసన ముక్కుకు తగిలింది. అదే రోజు మొక్కను కుండీలో నుంచి బయటికి తీశాను. పెద్దగా లాగవలసిన అవసరం కూడా రాలేదు, పట్టు లేని మొక్క చేతిలోకి వచ్చేసింది. కుండీలో మట్టికి బదులుగా వేసిన బెరడు ముక్కలు పై భాగంలో పొడిగానే ఉన్నాయి. వాటిని దులిపాక, సరిగ్గా కాండం కింద, వేర్ల నడుమ, పిడికెడంత నాచు ముద్ద గట్టిగా కూరి ఉండటం కనిపించింది. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు పెంపకందారులు దానిని ఆ నాచులో నాటి, పెరిగాక ముద్దతో సహా పెద్ద కుండీలోకి మార్చి అమ్ముతారు. పైన బెరడు ఆరినా ఆ నాచు రోజుల తరబడి ఆరదు. నేను పిండితే నీళ్లు కారాయి.

ఒక వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని మెల్లగా జారవిడిచాను. గోధుమ రంగు పైతొడుగు మొత్తం మెత్తటి గుజ్జులా చేతికి ఊడివచ్చి, లోపల దారం లాంటి సన్నని నార మాత్రం మిగిలింది. రెండవ వేరూ అంతే. మూడవదీ అంతే. పద్నాలుగు వేర్లు లెక్కపెట్టాను, వాటిలో పట్టుకుంటే గట్టిగా తగిలినవి మూడు.

ఆ ఊడివచ్చిన తొడుగు పేరు వెలామెన్ అని ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. ఫలెనాప్సిస్ మట్టిలో పెరిగే మొక్క కాదు, అడవుల్లో చెట్ల కొమ్మలకు, మానులకు వేర్లు అంటించుకొని గాలిలోనే బతుకుతుంది. దాని వేరు చుట్టూ స్పాంజి వంటి మృతకణాల పొర ఉంటుంది, వాన పడినప్పుడు అది నీటిని గబగబా పీల్చుకొని లోపలి వేరుకు అందిస్తుంది, వాన వెలిశాక గాలికి ఆరిపోతుంది. ఆరినప్పుడు వెండి రంగులో, తడిసినప్పుడు పచ్చగా కనిపించేది అందుకే. తడి, ఆరుదల ఒకదాని వెంట ఒకటి జరిగితేనే ఆ వేరుకు ఊపిరి. ఎప్పుడూ తడిలోనే ఉంచితే గాలి అందక వేరు చచ్చిపోవడం మొదలవుతుంది, ఆ బలహీనతను కనిపెట్టుకొని పిథియం, ఫైటోఫ్తోరా వంటి తెగులు కారకాలు లోపలికి చొరబడతాయి. వృక్షశాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ బ్లూమె 1825లో ఈ ప్రజాతికి పెట్టిన ఫలెనాప్సిస్ అనే గ్రీకు పేరుకు మాత్ అనే రెక్కల పురుగును పోలినదని అర్థం. పేరు పూవును చూసి పెట్టినది, మనం కొనేదీ పూవును చూసే. ఈ మొక్క అసలు బతుకంతా వేరులో ఉన్నదని నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

మరునాడు శస్త్రచికిత్సకు కూర్చున్నాను. కత్తెరను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రతి కోతకూ మధ్య మళ్లీ తుడుస్తూ, మెత్తబడిన భాగాలన్నింటినీ గట్టి కణజాలం తగిలే వరకు కత్తిరించాను. కోసిన చోట్ల మాత్రమే దాల్చినచెక్క పొడి చిటికెడు అద్దాను. అది శిలీంద్రాలను కొంత అడ్డుకుంటుంది గాని తడిని కూడా పీల్చేస్తుంది కనుక, బాగున్న వేరు మీద పడకుండా చూసుకోవాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని చాలామంది చెబుతారు. కుళ్లిన చోట పొంగే నురగను చూస్తే మందు పనిచేస్తున్నదన్న తృప్తి కలుగుతుందేమో గాని, అది కుళ్లిన కణమా బతికిన కణమా అని ఎంచుకోదు. మూడే వేర్లు మిగిలిన మొక్క మీద ఆ ప్రయోగం చేయడానికి నాకు మనసొప్పలేదు. చివరగా, ఇంకా పచ్చగా ఉన్న పూకాడను మొదలు దగ్గర కోసేశాను. దాని కణుపు నుంచి మళ్లీ పూలు రావచ్చన్న ఆశ నాకు ఉండేది, అయినా నీరు తాగలేని మొక్క చేత పూలు మోయించడం అన్యాయమనిపించింది.

ఆ పని చేస్తుండగానే రెండవ జబ్బు బయటపడింది. అడుగు ఆకు కాండాన్ని చుట్టుకొని ఉండే ఇరుకు సందులో దూది పింజ లాంటి తెల్లని మచ్చ కనిపించింది. నాచు పోగు అంటుకుందేమో అనుకొని పుల్లతో తీయబోయాను, అది కదిలింది. పిండినల్లి. అప్పుడు ఆకులన్నీ తిరగేసి చూస్తే, నడి ఈనె వెంబడి, ఆకు సందులన్నింటిలో, చివరికి వేర్ల మొదళ్లలో కూడా అవి ఉన్నాయి. కొన్ని వారాలుగా ఆకుల పైన జిగురుగా తగులుతూ ఉన్నది పూల తేనె అని నేను నమ్ముతూ వచ్చాను. నిజానికి అది ఈ పురుగులు మొక్క రసం పీల్చి విసర్జించే తియ్యని బంక. అలాగే వదిలేసి ఉంటే దాని మీద నల్లని మసి తెగులు కూడా పట్టి ఉండేది.

దూది పుల్లను అదే ఆల్కహాల్‌లో ముంచి ఒక పురుగు మీద ఆనించాను. తెల్లని మైనపు పొడి క్షణంలో తడిసి మాయమైంది, కింద గుండ్రని, లేత గులాబీ రంగు ఒళ్లు, చిన్న కాళ్లు కనిపించాయి. అది కదలడం ఆగాక తుడిచి తీశాను. ఇలా ఒక్కొక్క దానిని వెతికి తుడవడానికి పూర్తిగా రెండు గంటలు పట్టింది. ఆ తరువాత మొక్కను ఎండ తగలని చోట ఆరబెట్టాను. మొవ్వులో, అంటే కొత్త ఆకు పుట్టే నడిమి భాగంలో, ఒక్క చుక్క నిలిచినా మొవ్వు కుళ్లు వచ్చే ప్రమాదం ఉంటుంది కనుక, కాగితం కొసతో ఆ తడిని అద్ది తీశాను.

మూడు వేర్లున్న మొక్కను తిరిగి బెరడులో పెడితే అది తాగగలిగినంత నీరు అందదు. అందుకే స్ఫాగ్నమ్ నాచును నానబెట్టి, ఇక చుక్క రాలదు అనే దాకా పిండి, ఒక పారదర్శకమైన చిన్న కుండీలో వదులుగా పరిచి, దాని మీద మొక్కను ఆనించాను. మొక్క కొంప ముంచిన నాచే మందు కావడం వింతగా ఉంటుంది, కానీ తేడా అంతా దానిని ఎంత గట్టిగా కూరాము, ఎంత తడిగా ఉంచాము అన్నదానిలోనే ఉంది. పైన పలుచని ప్లాస్టిక్ సంచిని గుడారంలా కప్పి, రోజుకు ఒకసారి తీసి గాలి తగలనిచ్చాను. నేరుగా ఎండ పడని వెలుతురు, 22 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం ఉండే చోటు చూశాను. ఎరువు వేయలేదు. వేరు లేని మొక్కకు ఎరువు బలం కాదు, భారం.

ఈ మొక్క ఆకు పగలు రంధ్రాలు మూసుకొని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును లోపల దాచుకుంటుంది. అందువల్ల నీటి నష్టం చాలా తక్కువ. వేర్లు దాదాపు లేకుండానే అది వారాల తరబడి ఓర్చుకోగలిగిందంటే, మందమైన ఆకుల్లోని నిల్వ, ఈ పొదుపు రెండూ కలిసే దానిని నిలబెట్టాయి. ఆ రోజులన్నీ నేను రెండే పనులు చేశాను: నాచు పైపొర ఆరితే తుంపర చల్లడం, లేకపోతే ఊరుకోవడం. రెండవదే కష్టమైనది.

పదవ రోజున ఆకు సందులో మళ్లీ తెల్లని చుక్కలు కనిపించాయి. మొదటిసారి చంపినవి పెద్ద పురుగులు మాత్రమే. ఒక్కొక్క తల్లి పురుగు వందల కొద్దీ గుడ్లు పెడుతుంది, సందుల్లో మిగిలిపోయిన గుడ్లలో నుంచి పిల్లపురుగులు వచ్చాయి. పగిలే ప్రతి విడతనూ అది పెరిగి గుడ్లు పెట్టే లోపే పట్టుకోవాలి గనుక, ఆ తరువాత వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాల పాటు, పురుగు కనిపించినా కనిపించకపోయినా, ప్రతి సందునూ తుడిచాను. పక్కనున్న మొక్కలన్నింటినీ వేరే గదిలోకి మార్చాను. నాలుగవ వారం తరువాత ఒక్కటీ కనిపించలేదు. అయినా మిగతా రెండు వారాలూ మానలేదు.

అడుగు ఆకుల్లో ఒకటి పసుపు పచ్చబడి రాలింది. రెండవది ముడతలతోనే మిగిలింది, అలా నలిగిన ఆకు మళ్లీ పూర్తిగా నునుపు కాదు. ఏడవ వారంలో, మొక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూస్తుండగా, కాండం చర్మాన్ని చీల్చుకొని ఆవగింజ కంటే కాస్త పెద్దదిగా, పచ్చని కొన ఒకటి బయటికి వచ్చి ఉంది. దాని తడి మెరుపు చూసి చాలాసేపు ఆ కుండీని కింద పెట్టలేకపోయాను. నెలలోపే అలాంటివి మరో రెండు వచ్చాయి. ఐదు నెలలకు ఆరు కొత్త వేర్లు, మొవ్వులో నుంచి బిగువైన ఒక కొత్త ఆకు. అప్పుడు దానిని పెద్ద బెరడు ముక్కల్లోకి మార్చాను. ఇప్పుడు రోజు లెక్కన నీళ్లు పోయడం లేదు. పారదర్శకమైన కుండీ గోడ వెంట వేర్లు వెండి రంగుకు తిరిగే దాకా ఆగి, అప్పుడు కుండీని పది నిమిషాలు నీటిలో నానబెట్టి, పూర్తిగా కారిపోనిచ్చాక దాని చోటికి చేరుస్తాను. ఎరువు కూడా డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగవ వంతే కలుపుతాను.

పోయిన నెలలో రాత్రులు చల్లబడ్డాక, రెండవ ఆకు కింద నుంచి కొత్త మొగ్గ ఒకటి పొడుచుకు వచ్చింది. పూకాడ అయితే దాని కొస కాస్త చదునుగా, పక్కకు చీలినట్లు ఉంటుంది. వేరు అయితే నున్నగా, గుండ్రంగా ఉంటుంది. మొదటి వారంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, రోజూ ఉదయం భూతద్దంతో చూశాను. పన్నెండవ రోజుకు కొస గుండ్రబడి, వెనుక వెండి రంగు పొర ఏర్పడి, నేల వైపు వంగింది. పూకాడ కాదు, వేరు. పువ్వు కోసం ఎదురుచూశావా అని మా అక్క అడిగింది. లేదని చెప్పాను, అది నిజం. ఈ ఉదయం అది బెరడు ముక్కల మధ్య సందు వెతుక్కొని లోపలికి దిగింది.