పెట్రోలు ఎవరూ తాగలేదు

ఆదివారం

ఇవాళ ఏ పనీ పెట్టుకోకూడదు అనుకున్నాను, వైరింగు పనులకి వారమంతా తిరిగి తిరిగి కాళ్ళు లాగేస్తున్నాయి, కానీ పొద్దున్నే బావ ఫోను. "ఒరే, బండి మళ్ళీ ఆగిపోనాది, గార దాటి ఇవతలకొచ్చాక. పెట్టెల్లో కోనాలున్నాయిరా, ఐసు కరిగిపోతంది, బేగి రా" అని. ఆదివారం చేపల బేరం మిస్సయితే బావకి ఆ వారం మిస్సయినట్టే కదా, అప్పుడే తిన్న చోడి అంబలి ఇంకా గొంతులోనే ఉంది, మీటరు సంచిలో వేసుకుని బైకెక్కీసాను. అరసవల్లి దగ్గర సూర్యనారాయణ స్వామి దర్శనానికొచ్చిన కార్లు, ఆటోలు, గుండు చేయించుకున్న పిల్లలు, ఆ జనంలోంచి బయటపడీసరికి చాలా టైం పట్టీసింది. తీరా నేను వెళ్ళీసరికి బండి స్టార్టయ్యి ఉంది. ఇంజను చల్లారింది, సెల్ఫ్ కొడితే అందుకుంది. "నీ మొహం చూసి భయపడింది" అన్నాడు బావ.

ఈ బండి గోల కొన్నాళ్ళుగా ఇదే. కళింగపట్నంలో చేపలు ఎక్కించుకుని బయల్దేరితే మొదట బానే ఉంటది, వేడెక్కాక ఎక్సలేటర్ తొక్కుతుంటే ముక్కుతది, వెనక్కి లాగినట్టు అవుతది, ఆ తర్వాత ఆగిపోద్ది. అరగంట వదిలేస్తే మళ్ళీ మామూలే. మెకానిక్కు ముందు ఫిల్టరు మార్చాడు, తర్వాత ప్లగ్గులు మార్చాడు, ఇప్పుడు పంపు పోయింది, ట్యాంకు దించి మొత్తం సెట్టు మార్చాలి, ఎనిమిది వేలు పైనే అవుద్ది అంటున్నాడు. ఆయన్ని తప్పుపట్టట్లేదు, ఇంజను పనిలో ఆయన చెయ్యి బంగారం, కాకపోతే డీజిల్ బళ్ళ మీద పెరిగిన మనిషి. పాత డీజిల్ పికప్పుల్లో పంపు ఇంజనుకే బిగించి ఉంటది, ఇంజను తిరిగితే అదీ తిరుగుద్ది, దానికి కరెంటుతో సంబంధం తక్కువ. బావది పెట్రోలు బండి, సెకండ్ హ్యాండులో కొన్నది. దీంట్లో పంపు అంటే ట్యాంకులో పెట్రోల్లో మునిగి ఉండే చిన్న మోటారు. మోటారు అన్నాక వోల్టేజీ, వైరు, ఎర్తు (అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి వెళ్ళే దారి) అన్నీ చూడాలి, అది నా సబ్జెక్టు.

చేపలు మార్కెట్లో దించీసి మధ్యాహ్నానికి బండి మా ఇంటి ముందుకి తెచ్చాడు. కూడా పని చేసే గుంటడు కూడా వచ్చాడు, బీడీ వెలిగించబోతే ముందు వాణ్ని రోడ్డుకి అవతల కూకోబెట్టాను. పెట్రోలు ట్యాంకు కింద దూరే రోజు నా దగ్గర ఆటలొద్దు.

ముందు చెవితో చూడాలి. తాళం ఆన్‌లో పెడితే, ఇంకా సెల్ఫ్ కొట్టకముందే, ట్యాంకు దగ్గర గుయ్యిమని రెండు మూడు సెకండ్లు సౌండొచ్చి ఆగిపోవాలి. లైన్లో ప్రెషరు ఎక్కించడానికి కంప్యూటరు పంపుని ఆ కాసేపు తిప్పుద్ది, తర్వాత ఇంజను తిరుగుతోందని క్రాంక్ సెన్సారు చెప్తేనే మళ్ళీ తిప్పుద్ది. యాక్సిడెంటు అయ్యి ఇంజను ఆగిపోతే పంపు పెట్రోలు ఊరికే పోసుకుంటూ కూర్చోకూడదని ఆ ఏర్పాటు. బావ బండిలో సౌండు వస్తంది గానీ అది గుయ్యిమనడం కాదు, ఎండాకాలం లో వోల్టేజీలో పొలం మోటారు మూలిగినట్టు మూలుగుతోంది. ఆ సౌండు వినగానే నాకు సగం అర్థమైపోయింది. ఫ్యూజు చూశాను, బానే ఉంది, కాళ్ళు కూడా మెరుస్తున్నాయి. పంపుకి కరెంటు ఆన్, ఆఫ్ చేసే రిలే తీసి హారన్ రిలేతో మార్చి చూశాను, రెండూ ఒకటే మోడలు కాబట్టి, తేడా లేదు.

ఇంతలో గుంటడు అవతల నుంచి అరిచాడు, "అన్నా, ఆ ముల్లు సంగతి కూడా చూడన్నా" అని. ఏటిరా ముల్లు అంటే బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు. సంగతేటంటే పెట్రోలు ముల్లు ఈ మధ్య వేగంగా పడిపోతోంది, సగం ట్యాంకు కొట్టించినా ఊరు దాటీసరికి ఖాళీ దగ్గరకొచ్చేస్తంది, అందుకని బావ వీడే పెట్రోలు లాగి అమ్మీస్తన్నాడని తేల్చీసి రాత్రుళ్ళు ట్యాంకు మూత తాళం తన దిండు కింద పెట్టుకుంటున్నాడంట. వాళ్ళావిడ, మా అప్పకి కూడా చెప్పలేదు. వాడి జీతంలో కోత పెడతానని కూడా అన్నాడంట. మరి బండి నిలిపి తాళం మళ్ళీ ఆన్ చేస్తే ముల్లు ఎక్కడుంటది బావా అని అడిగాను. "కొంచిం పైకొస్తది, అదీ పాడైపోనాది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పంపు, పెట్రోలు కొలిచే తేలుడు బుడ్డి రెండూ ఒకే సెట్టులో ఉంటాయి, ఈ బండిలో రెండిటికీ ఎర్తు వైరు ఒకటే. పంపు తిరిగినంతసేపు ముల్లు పడిపోయి, పంపు ఆగితే లేస్తంది అంటే ఆ ఎర్తులో ఏదో అడ్డం పడుతోందన్నమాట.

గోనె పరిచి కిందకి దూరాను. ఆ వాసన గురించి రాయను.

ఇక్కడ ఒక ముక్క రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఇది చాలామంది ఆటో ఎలక్ట్రీషియన్లు కూడా పట్టించుకోరు. పంపు కనెక్టరు ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులూ నిండుగా చూపించీసింది, మెకానిక్కు కూడా అదే చూసి "కరెంటు వస్తంది, పంపే పోయింది" అన్నాడంట. కానీ ఊడదీస్తే లైన్లో లోడు లేదు కదా, మీటరు లాక్కునే కరెంటు ఏపాటిది, వైరు లోపల ఒక్క పోగు మిగిలున్నా 12 చూపిస్తది. పంపు తిరిగితే 4, 5 ఆంపియర్లు లాగుద్ది, అప్పుడు బయటపడతది అసలు బండారం. అందుకని కనెక్టరు పెట్టేసి, వెనక నుంచి గుండుసూదులు దూర్చి, రిలే తీసిన చోట 30, 87 నంబర్ల కాళ్ళ మధ్య ఫ్యూజు ఉన్న వైరు ఒకటి పెట్టి పంపుని కంటిన్యూగా తిప్పాను. బ్యాటరీ దగ్గర 12.3 ఉంది. పంపు దగ్గర 9.1. మిగతాది ఎక్కడ పోయింది? బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ దాకా మీటరు పెడితే 0.4, పర్లేదు పాత బండికి. పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి పెడితే 2.8! అంతే, దొంగ దొరికీసాడు. ఇదే చోట ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే అర ఓమ్ చిల్లర చూపిస్తది, మీటరు వైర్లకే ఇంచుమించు అంత ఉంటది, చూసి "ఏం లేదు" అని వదిలేస్తారు. అర ఓమ్ అంటే 5 ఆంపియర్ల దగ్గర రెండున్నర వోల్టులు, పంపుకి అది ప్రాణం మీదకొచ్చే సంగతి. వోల్టేజీ తగ్గితే పంపు స్పీడు తగ్గుద్ది, ప్రెషరు తగ్గుద్ది, ఇంజెక్టర్లకి 3, 4 బార్లు కావాల్సిన చోట అందదు, లోడు మీద ముక్కుతది. దూరం వచ్చేకొద్దీ ఆ ఎర్తు జాయింటు వేడెక్కి ఇంకా అడ్డం పడతది, ఇంకా తగ్గుద్ది. చల్లారితే మళ్ళీ కాసేపు బతికిపోద్ది. దానికి తోడు బావ చాలాసార్లు మూడొందల పెట్రోలే కొట్టిస్తాడు, ట్యాంకులో పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే అని ఎన్నిసార్లు చెప్పినా "డబ్బులు ఉంటే నింపనా" అంటాడు, దానికి నా దగ్గర సమాధానం లేదు.

నల్ల వైరు పట్టుకుని పోతే ట్యాంకు వెనక ఛాసిస్ మీద ఒక 10 నంబరు పానా బోల్టు. బోల్టు కాదు, చిలుం ముద్ద. పచ్చగా, తెల్లగా పొడి, దాని మీద ఎండిపోయిన చేప పొలుసు ఒకటి అతుక్కుని ఉంది, గోరుతో తీశాను. పైకి చూస్తే అర్థమైంది, సరిగ్గా దాని నెత్తి మీదే తొట్టి పలకలో కన్నం. థర్మాకోల్ పెట్టెల్లోంచి కారిన ఐసు నీళ్ళు, చేపల ఉప్పు నీళ్ళు అన్నీ ఆ కన్నంలోంచి రోజూ ఈ బోల్టుకి అభిషేకం చేస్తున్నాయి. సముద్రం నీళ్ళు లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు, రాగి, ఇనుము కలిసిన చోట అది పడితే ఏటవుద్ది. మన జిల్లాలో ఇంత పొడుగు సముద్రం తీరం ఉంది, చేపల బళ్ళు ఎన్ని తిరుగుతాయో, అన్నిటికీ ఇదే రోగం ఉండి ఉంటది అనిపించింది.

బ్యాటరీ మైనస్ ఊడదీసి పని మొదలెట్టాను. బోల్టు రాలేదు, నూనె పోసి, టీ తాగొచ్చి, మళ్ళీ తిప్పితే విరిగినంత పని చేసి వచ్చింది. రింగు పట్టుకుంటే వైరు చేతిలోకే ఊడొచ్చీసింది, అంటే ఇన్నాళ్ళూ అది తగులుకుని మాత్రమే ఉంది. కొంచెం కోసి చూస్తే లోపల రాగి నల్లగా. ఇంకొంచెం కోశాను, నల్లగానే. ఉప్పు నీళ్ళు తొడుగు లోపల వైరు పట్టుకుని పైకి పాకుతాయి, అందుకే ఎర్రగా మెరిసే రాగి కనపడేదాకా కోస్తూనే ఉండాలి, దాదాపు జానెడు పోయింది. దానికి కొత్త వైరు కలిపి, చివర కొత్త రింగు (లగ్గు) గట్టిగా నొక్కి, టంకం పెట్టి, పైన వేడి చేస్తే బిగిసే స్లీవు తొడిగాను. గుంటడు టార్చి పట్టుకున్నాడు, బుద్ధిగా.

అన్నీ బిగించీసి మళ్ళీ అదే కొలత. మైనస్ వైపు 0.1. పంపు దగ్గర 11.8. ఇంజను స్టార్ట్ చేస్తే 13 దాటింది. సౌండైతే చెప్పక్కర్లేదు, రోడ్డు అవతల నుంచి వినపడింది. ముల్లు మెల్లగా లేచి సగం దగ్గర నిలబడింది, ఇంజను నడుస్తుండగానే. గుంటడు క్యాబిన్‌లో తల పెట్టి చూసి, "ఇప్పుడు చెప్పన్నా, ఎవడు తాగీసాడు పెట్రోలు?" అన్నాడు. బావ ఏమీ అనలేదు, జేబులోంచి వంద తీసి "వెళ్ళి పునుగులు పట్రా" అన్నాడు, క్షమాపణ అంటే బావ భాషలో అంతే.

సాయంత్రం బావా నేనూ ఇద్దరం బండెక్కి సింగుపురం దాకా హైవే మీద తొక్కి చూశాం, నలుగురు మనుషుల బరువు కూడా పడలేదు కాబట్టి ఇది పూర్తి టెస్టు అనను, రేపు చేపల లోడుతో వచ్చాకే తెలుస్తది. పంపు కూడా ఇన్నాళ్ళు తక్కువ పెట్రోల్లో వేడెక్కి తిరిగింది, దాని ఆయుష్షు కొంత తగ్గే ఉంటది, ఆ మాట కూడా చెప్పాను, కానీ ఇవాళే ఎనిమిది వేలు పెట్టే పని లేదు. మెకానిక్కుకి ఫోన్ చేసి పంపు ఆర్డరు ఆపమన్నాడు, ఆయన కూడా మంచిగానే "ఆ ఎర్తు ఎక్కడుందో ఒకసారి నాకు చూపించు తమ్ముడూ" అన్నాడు.

తొట్టి కన్నం దగ్గర రేకు ముక్క వెల్డింగు పెట్టించి, నీళ్ళు వెనక నుంచి పోయేలా రబ్బరు పైపు వేయించమని చెప్పాను. "వచ్చే వారం చేయిస్తాలే" అన్నాడు. బావ వచ్చే వారాలు నాకు తెలుసు, అందుకే ఎర్తుని ఆ పాత బోల్టుకి పెట్టనే లేదు, ఛాసిస్ పైభాగంలో నీళ్ళు పడని చోట వేరే కన్నం చూసి, పెయింటు గీకి, స్టార్ వాషరు వేసి అక్కడ బిగించి గ్రీజు దట్టంగా రాశాను. వెనక లైట్ల ఎర్తు మాత్రం ఇంకా ఆ పాత చోటే ఉంది, చీకటి పడిపోయింది, దాన్ని బుధవారం చూస్తానన్నాను.