చేమదుంప ఐస్‌క్రీమ్ చేసిన ఆదివారం

మే నెల, ఆదివారం. పొద్దున ఎనిమిదింటికే డాబా మీద కాలు పెట్టలేకపోయాను. దుప్పట్లు ఆరేసి కిందికి దిగేసరికి అమ్మ వంటింట్లో చేమదుంపలు కడుగుతోంది. నిన్న విజయవాడలో మా పటమట రైతుబజారులో కిలో తీసుకుంది. పులుసుకేమో అనుకున్నాను. "పులుసుకి కాదే, నువ్వు చెప్పిన ఐస్‌క్రీమ్ చేద్దాం" అంది.

నేను సింగపూర్ నుంచి వచ్చి పదిహేను రోజులైంది. తమ్ముడింట్లో ఎనిమిది రోజులు, మధ్యలో మలేషియా పెనాంగ్‌లో రెండు రోజులు ఉన్నాను. మోకాళ్ల నొప్పులతో అమ్మ రాలేనంది. "అక్కడివాళ్లు ఏం తింటారో చూసొచ్చి చెప్పు" అని మాత్రం అడిగింది. మేడలూ సముద్రమూ ఫోటోల్లో చూపించొచ్చు, రుచి ఎలా చూపించను? అందుకే రోజుకో ఐస్‌క్రీమ్ తినాలని, అదీ ఇక్కడ దొరకనిదే తినాలని విమానంలోనే అనుకున్నాను. బటర్‌స్కాచ్, వెనిలా ఎలాగూ బెంజి సర్కిల్లో ఉంటాయి.

మొదటి రోజు ఆర్చర్డ్ రోడ్డు. రెండు పక్కలా పెద్దపెద్ద షాపింగ్ మాల్స్, వాటి ముందు గొడుగు వేసుకున్న చిన్న బండి. బండి దగ్గర డెబ్భై ఏళ్ల పెద్దాయన. అక్కడ కూడా పెద్దవాళ్లని 'అంకుల్' అనే పిలుస్తారు. ఆయన ఇటుకలాంటి ఐస్‌క్రీమ్ దిమ్మ తీసి, పైన ఉన్న అట్ట ఒలిచి, పెద్ద కత్తితో రెండు వేళ్ల మందాన ఒక ముక్క కోశారు. గులాబీ, ఆకుపచ్చ రంగులు కలిసిన బ్రెడ్ స్లైసు మీద ఆ ముక్క పెట్టి, మడిచి చేతికిచ్చారు. 2 సింగపూర్ డాలర్లు. మన డబ్బుల్లో 130 రూపాయల పైనే. ఐస్‌క్రీమ్‌కి బ్రెడ్ ఏమిటా అనుకున్నాను గానీ, నాలుగు సార్లు కొరికాక తెలిసింది. కరిగిందంతా బ్రెడ్ పీల్చుకుంటుంది. చేతి మీదికి ఒక్క చుక్క కారలేదు. ఆ ఉక్కలో నిలబడి తినడానికి ఎంత చక్కటి ఏర్పాటో!

బండి మీద రాసి ఉన్న రకాలు చదువుతుంటే నాకు భలే సంతోషమేసింది. స్వీట్‌కార్న్, ఎర్ర గింజలు, దురియన్, యామ్. యామ్ అంటే కంద అనుకున్నాను. "కంద కాదక్కా, ఇక్కడ యామ్ అంటే చేమదుంప" అన్నాడు తమ్ముడు. ఆ ఎర్ర గింజలు చూడ్డానికి బుల్లి రాజ్మాలా ఉంటాయి గానీ, మన అలసందలకి దగ్గరి చుట్టాలు. బెల్లం వేసి ఉడికించిన అలసందల వాసనే వచ్చింది నాకు. స్వీట్‌కార్న్‌లో గింజలు పంటికి తగులుతుంటే ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు గుర్తొచ్చింది.

దురియన్ మాత్రం ఒక్క ముక్క తిని ఆపేశాను. మెట్రో స్టేషన్లలో ఆ పండు తేవద్దని బొమ్మ వేసి మరీ బోర్డులు పెట్టారు. బాగా మగ్గిన పనసతొనకి వేయించిన ఉల్లిపాయ వాసన అంటినట్టుంటుంది. తమ్ముడి కొడుకు మాత్రం నా చేతిలోది లాక్కుని తినేశాడు. వాడు అక్కడే పుట్టాడు మరి.

పెనాంగ్‌లో తిన్నది సరిగ్గా చెప్పాలంటే ఐస్‌క్రీమ్ కాదు, చెండోల్. పెనాంగ్ రోడ్డు పక్క సందులో బండి దగ్గర జనం గిన్నెలు పట్టుకుని నిలబడే తింటున్నారు. తురిమిన ఐసు, దాని మీద కొబ్బరిపాలు, ముదురు రంగు బెల్లం పాకం, ఎర్ర గింజలు, వాటి మధ్య ఆకుపచ్చగా, మెత్తగా, పొట్టిగా పోగులు. ఆ పోగులు బియ్యప్పిండితో చేస్తారట. రంగూ వాసనా పాండన్ అనే ఆకు రసంతో వస్తాయి. అది మన మొగలి జాతి మొక్కే. బెల్లం కొబ్బరి చెట్టు నీరాతో కాచింది, మన తాటిబెల్లంలాగే పొగ వాసన. కొబ్బరిపాలలో ఎక్కడో చిన్న ఉప్పదనం కూడా తగిలింది. గిన్నె సగమయ్యాక ఒక ఆకుపచ్చ పోగు చెంచాకి వేలాడింది. అది చూడగానే నాకు పెనాంగూ లేదు, సందూ లేదు. సత్యనారాయణపురంలో మా పాత ఇంటి అరుగు కనిపించింది.

సేమియా ఐసు! వేసవి సెలవుల్లో మధ్యాహ్నం మూడింటికి, సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని ఐసు అబ్బాయి వచ్చేవాడు. పెట్టె మూత టపటపా కొట్టేవాడు. రంగు ఐసు పావలా, సేమియా ఐసు అర్ధరూపాయి. పుల్ల చుట్టూ తెల్లగా గడ్డకట్టిన పాలు, కొసన మాత్రం గుప్పెడు సేమియా. ముందు కొస కొరికేస్తే తర్వాత అంతా ఉత్త పాలే అని, నేను పక్కల నుంచి చీక్కుంటూ వచ్చి సేమియాని ఆఖరికి దాచుకునేదాన్ని. తమ్ముడు మొదటే కొరికేసి నా వంక చూసేవాడు. నేను ఇచ్చేదాన్ని కాదు. ఆ సందులో గిన్నె పట్టుకుని, ఇంత దూరం వచ్చాక వాడికి ఆ మాట చెప్పాను. వాడు తన గిన్నెలోని పోగులన్నీ ఏరి నా గిన్నెలో వేశాడు.

ఏ రోజు ఏం తిన్నానో అమ్మకి రోజూ ఫోన్లో చెప్పాను. అన్నిట్లోకీ ఆమెకి చేమదుంపే మనసుకి పట్టింది. "పులుసులోకీ వేపుడులోకీ తప్ప దానికి ఇంకో బతుకుందని అనుకోలేదు" అంది.

దుంపలు కుక్కర్లో నాలుగు విజిల్స్ ఎక్కువే రానిచ్చాం. సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద. తొక్క తీసేముందు అమ్మ నా చేతులకి కొబ్బరినూనె రాసింది, చిన్నప్పుడు రాసినట్టే వేళ్ల సందుల్లోకి కూడా. ఉడికిన దుంపని మిక్సీలో వేసి, అర లీటరు చిక్కటి పాలు, కొబ్బరిపాలు, పంచదార కలిపి మెత్తగా తిప్పాం. రంగు బూడిద రంగులో వచ్చింది. అక్కడ నేను తిన్నది లేత వంకాయ రంగు. ఆ రంగు చాలావరకు విడిగా కలిపేదే. దుంపకి సొంతంగా ఉండేది సన్నటి ఊదా చారలే. "రంగు మాట వదిలెయ్, గట్టిపడుతుందా?" అని అమ్మ టెన్షన్.

గట్టిపడింది. మామూలుగా ఇంట్లో పాలతో చేస్తే ఐసు పలుకులు పంటికి కరకరా తగులుతాయి. నీళ్లు ఒకచోట చేరి పెద్ద పలుకులుగా గడ్డకట్టడమే కారణం. దుంపలోని పిండి ఆ నీళ్లని పట్టుకుని ఉంచుతుంది. గంటకోసారి తీసి ఫోర్కుతో గిలకొట్టాను కూడా. మధ్యలో ముప్పావుగంట కరెంటు పోయింది. ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయకుండా అమ్మ దాని ముందే కుర్చీ వేసుకుని విసనకర్రతో కూర్చుంది.

సాయంత్రం ఆరింటికి తీశాం. డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో ఒక్క నిమిషం పెట్టి బోర్లిస్తే దిమ్మ దిగింది. ఆ అంకుల్ కోసినట్టే కత్తితో రెండు వేళ్ల మందాన కోసి, మామూలు తెల్ల బ్రెడ్‌లో మడిచి అమ్మకిచ్చాను. కళ్లు మూసుకుని కొరికింది. బ్రెడ్ తడిసింది, చెయ్యి తడవలేదు. అమ్మ చెయ్యి తిప్పి చూసుకుంది. "ఆ బండాయన తెలివైనవాడు" అంది.

తమ్ముడికి వీడియో కాల్ చేశాం. అమ్మ ముక్కని కెమెరాకి మరీ దగ్గరగా పెట్టింది, వాడికి తెల్లగా తప్ప ఏమీ కనిపించలేదట. "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"బాగుందిరా. కొబ్బరిపాలు పోశాం కదా, చిటికెడు ఉప్పు పడాల్సింది" అంది అమ్మ.

పెనాంగ్ చెండోల్‌లో ఉప్పు సంగతి నేను ఆమెకి చెప్పలేదు. డబ్బాలో ఇంకా సగం ఉంది. మిగిలిన దుంపలు రేపటికి ఉడకబెట్టి ఉంచమంది.